కెమెరాకు పెట్టిన బొట్టు

ఓబులేషుకు పామంటే భయం లేదు. అప్పులవాళ్ళంటే భయం లేదు. పెళ్ళాం శశికళ అంటే కూడా పెద్దగా లేదు. కానీ తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకున్న మనిషి రోడ్డు పక్క నుంచి చెయ్యెత్తితే మాత్రం నోరెండిపోయేది. బాగేపల్లి పక్కన పల్లె నుంచి బెంగుళూరొచ్చి ఇరవై నాలుగేళ్ళుగా బండి తోలుతున్నవాడు, పోలీసు ఏమడిగినా నీళ్ళు నమిలేవాడు. లైసెన్సు ఉన్నా, ఇన్సూరెన్సు ఉన్నా, తీసిచ్చే చేతులు గడగడ వణికేవి. అట్లా వణికే చేతుల్ని చూసి ఏ పోలీసు అయినా ఊరికే ఎందుకు వదులుతాడు?

ఆ భయాన్ని వదిలించింది ఒక కెమెరా. మూడేళ్ళ కింద కుందలహళ్ళి దగ్గర ఒక కంపెనీకి స్టాఫ్ క్యాబ్ తోలడానికి కుదిరాడు. ప్రతి బండికీ డ్యాష్ కెమెరా ఉండాల్సిందే అన్నారు వాళ్ళు. గొణుక్కుంటూనే పెట్టించాడు. ముందద్దానికి అతికించిన నల్లటి డబ్బా, అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని కన్ను రోడ్డు వైపు, వీపు డ్రైవరు వైపు. వీపు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంటే అది పని చేస్తున్నట్టు లెక్క. ముందున్న రోడ్డు, బండిలో మాట్లాడే మాటలు, అన్నీ దానిలోని కార్డులోకి పోతాయి.

పెట్టించిన రెండో నెలలో చందాపుర కూడలి దగ్గర ఒక కానిస్టేబుల్ ఆపాడు. రెడ్ లైటు దాటినావు, సైడిగె హాకు అంటూ బండి పక్కకు పెట్టించాడు. దాటింది వెనక బండి. పాపం ఆ కానిస్టేబుల్ మాత్రం ఏం చేస్తాడు, ఈ ఊళ్ళో అన్నీ తెల్ల కార్లే. ఓబులేషు మామూలుగానే వణకడం మొదలుపెట్టాడు. వెనక సీట్లో ఉన్న ఉద్యోగి విసుక్కుని, "కెమెరా ఉంది కదయ్యా, చూపించు" అన్నాడు. ఓబులేషు ఫోన్లో తెరిచి చూపించాడు. పచ్చ లైటు కింద టైముతో సహా కనబడింది. కానిస్టేబుల్ ఒకటికి రెండుసార్లు చూసి "సరి, హోగు" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో ఓబులేషును ఒక్క రూపాయి ఇవ్వకుండా, ఒక్క తిట్టు పడకుండా పొమ్మన్నది అదే మొదటిసారి. స్టాండులో ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో ఆ దేవుడికే తెలియాలి. చెప్పినప్పుడల్లా కానిస్టేబుల్‌కు ఒక ప్రమోషన్ వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆయన ఇన్‌స్పెక్టర్ అయిపోయాడు. తోటి డ్రైవర్లు ఎగతాళికి 'కెమెరా ఓబులేషు' అని పేరు పెడితే, ఈయన అది బిరుదనుకున్నాడు. ఆ తర్వాత ఏ పోలీసు చెయ్యెత్తినా, అతను నోరు తెరవకముందే అద్దం దించి "చూడప్పా, కెమెరా ఉండాది" అనేవాడు. చేతులు వణకడం మానేశాయి.

మానేసినవి చేతులొక్కటే కాదు. భయమున్న రోజుల్లో సిగ్నల్ కనబడగానే సీట్లో ముందుకు జరిగి, కళ్ళార్పకుండా దాన్నే చూసేవాడు. పసుపు పడితే చాలు, వెనకోళ్ళు ఎంత హారన్ కొట్టినా కదిలేవాడు కాదు. కెమెరా వచ్చాక చూసే పని దానిదైపోయింది. ముందు బండి ఆగితే తను ఆగేవాడు, అది కదిలితే తనూ కదిలేవాడు. ఇది ఒక్క రోజులో జరిగింది కాదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఓబులేషుకు అసలే తెలియలేదు.

ఇక ఆయుధ పూజ వచ్చింది. బెంగుళూరులో ఆ రోజు బండ్లకు జరిగే మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరగదు. ఓబులేషు తెల్లవారకముందే బండి కడిగాడు. రెండు పక్కలా అరటి పిలకలు కట్టాడు, ముందు బంతిపూల దండ వేశాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. శశికళ గిన్నెలో గంధం కలుపుకుని వచ్చింది. వాళ్ళింట్లో ఒక పద్ధతుంది. అన్నం పెట్టే వస్తువు ఏదైనా సరే, దానికి గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టాల్సిందే. స్టీరింగుకు పెట్టింది. గేరు రాడ్డుకు, జాకీకి, స్టెప్నీ టైరుకు పెట్టింది. ఛార్జింగు వైరుకు కూడా పెట్టింది. తరువాత కెమెరా దగ్గరకొచ్చి ఆగింది.

"దీనికి మొగం ఏ పక్క ఉండాది?" అని అడిగింది.

"ముందర పక్కే, అద్దం దిక్కు. వేలు సందులో పెట్టు, అందుతాది" అన్నాడు ఓబులేషు.

ఆమె వేలు పోనిచ్చి గంధం పూసింది. దాని మీద కుంకుమ అద్దింది. దేవుడికైనా, కొడవలికైనా బొట్టు మొగానికే కదా పెట్టేది. ఇద్దరూ చేతులు జోడించి దండం పెట్టుకున్నారు. గుమ్మడికాయ కొట్టి, వీధిలో వాళ్ళకు బొరుగులు, బెల్లం పంచారు. పూజ బొట్టు చేత్తో తుడవరు, రాలేదాకా ఉంచుతారు. మర్నాడు పండగ, బండి తియ్యలేదు. మూడో రోజు పొద్దున బండి ఎక్కి కెమెరా వైపు చూస్తే ఎర్ర లైటు మిణుకుమంటోంది. చాలనుకున్నాడు.

ఆ పొద్దున తొమ్మిదింటికి కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర సొన్నప్ప అనే ఆయన సైకిలు మీద అడ్డంగా వస్తున్నాడు. ఓబులేషు కారు ముందు నీళ్ళ ట్యాంకర్ ఒకటి పోయింది. దాని వెనకే కారు కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క పడ్డారు. సొన్నప్పకు అరవై దగ్గర పడతాయి. ఒక అపార్టుమెంటులో రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి పోతున్నాడు. తుంటి ఎముక విరిగింది.

జనం పోగయ్యారు. ఆటో వచ్చింది. పోలీసులొచ్చారు, కారు స్టేషనుకు తీసుకుపోయారు, ఆర్టీఓ వాళ్ళు వచ్చి బ్రేకులు చూసేదాకా తిరిగి ఇవ్వం అన్నారు. వీటన్నిటిలోనూ ఓబులేషు ఉన్నాడు. అడిగిన చోట సంతకం పెట్టాడు, నిలబడమన్న చోట నిలబడ్డాడు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. ఆకలి లేదు, దిగులు కూడా లేదు. అందరికీ ఒకటే చెప్పాడు. "యాక్సిడెంట్ అయిపోయె. ఏమీ భయం లేదు, కెమెరా ఉండాది."

యాక్సిడెంట్ అయిన నాలుగో రోజు స్టేషనులో కెమెరా కార్డు తీసి కంప్యూటర్లో పెట్టారు. ఎస్సై అమరనాథ్ ముళబాగిలు మనిషి, ఇంట్లో తెలుగు, స్టేషన్లో కన్నడ. తెర నిండా పసుపు కనబడింది. నడుమ ఎర్రటి మరక. అంచుల్లో మాత్రం ఏదో వెలుగు కదులుతోంది. వెనక నిలబడ్డ కానిస్టేబుల్ కంప్యూటర్ చెడిపోయిందేమో అన్నాడు. అమరనాథ్ కాసేపు చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆయన జీపుకు కూడా అదే పండక్కి పూజ చేశారు.

"బొట్టు పెట్టినారా దీనికి?"

"పెడితిమి సార్."

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే మానుకున్నారు. బొమ్మ లేకపోయినా మాట ఉంది. అమరనాథ్ సౌండు పెంచాడు. హారన్లు, ఇంజను, ఆ తర్వాత ఒక దెబ్బ. వెనక సీటులో కిరణ్మయి అనే అమ్మాయి "అయ్యో అన్నా, ఎవరో..." అంది. అప్పుడు ఓబులేషు గొంతు చాలా నిదానంగా వినబడింది.

"మీరేమీ భయపడొద్దు మేడమ్. కెమెరా ఉండాది."

ఆ తర్వాత ఏసీ చప్పుడు. చాలాసేపు అదే. అప్పుడు డోరు తీసిన చప్పుడు వచ్చింది.

"దెబ్బకూ డోరుకూ నడుమ పంతొమ్మిది సెకన్లు" అన్నాడు అమరనాథ్ తెర కింద అంకెలు చూసి. తిట్టలేదు.

దెబ్బ తగిలిన మరుక్షణం కిందికి దూకి ఆ మనిషిని ఎత్తుకున్నానని ఓబులేషు ఈ నాలుగు రోజులూ అందరికీ చెప్పాడు. అబద్ధం చెప్పలేదు, అట్లాగే అనుకున్నాడు. ఇప్పుడు తన గొంతు తనే విన్నాడు. అది తనదేనని తెలిసింది. సిగ్గు పడాలని కూడా తెలిసింది, కానీ సిగ్గు రాలేదు.

"ఇప్పుడు చెప్పు ఓబులేషప్పా. నీకు పడిండేది రెడ్డా, గ్రీనా?"

ఓబులేషు తెర మీది పసుపు వైపే చూశాడు.

"ఆ అమ్మాయి ఫోను చూసుకుంటా ఉండె. స్తంభం మీద కెమెరా ఆ పక్కకు లేదు. ఆ ముసలాయన గట్టిగా చెప్పలేకపోతా ఉండాడు. మిగిలింది నీ మాటే. శనివారం రా. నువ్వేం చెప్తే అది రాస్తా. బాగా యోచన చేసి రా."

ఇంట్లో శశికళకు సంగతి చెప్పాడు. బొట్టు తనే పెట్టానని ఆమె గోడకు తల ఆనించి ఏడ్చింది. కెమెరా మొగం ఏ పక్కో చెప్పింది నేనే కదా అనుకున్నాడు ఓబులేషు. ఏడుస్తున్న పెళ్ళాన్ని ఎవరో పక్కింటావిడను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని ఆమే అంది. "పచ్చ అని చెప్పు. ఎవరు చూడొచ్చినారు? లైసెన్సు పోతే ఈ వయసులో ఏం చేస్తావు?"

ఆమె అన్నది నిజమే. బండి తప్ప ఇంకో పని రాదు ఓబులేషుకు.

ఆస్పత్రికి రోజూ పోతూనే ఉన్నాడు. పోయి, మంచం కాళ్ళ వైపు స్టూలు మీద కూర్చుని, కిటికీ చూసి వచ్చేవాడు. సొన్నప్పది దొడ్డబళ్ళాపురం. మగ్గం మీద పట్టు నేసి బతికినవాడు, మగ్గం మూలబడ్డాక కాపలా పనికి వచ్చాడు. ఇంతా జరిగినా కారు మనిషి మీద ఆయనకు కోపం లేదు, ఎందుకంటే తప్పు ఎవరిదో ఆయనకే తెలియదు. శుక్రవారం సాయంత్రం పెళ్ళాం పిల్లమ్మ ఆయనకు జావ తాగిస్తూ ఓబులేషు వినేటట్టే అంది.

"రాత్రంతా మేలుకొని సైకిలెక్కితే తూగు రాదా? తూగినట్టే ఉండాడు ఈయన."

"తూగలేదే" అన్నాడు సొన్నప్ప. కానీ గొంతులో బలం లేదు. ఓబులేషు వైపు తిరిగాడు. "నీ బండిలో కెమెరా ఉండాదంటనే. పోలీసోళ్ళు చెప్పినారు. దాంట్లో చూసి చెప్పప్పా, నేను తూగినానా? నా తప్పయితే నా తప్పే. తెలిస్తే చాలు. పండుకోని ఇదే యోచన నాకు."

"రేపు చెప్తా అన్నా" అన్నాడు ఓబులేషు.

శనివారం స్టేషనులో అమరనాథ్ కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు. ఓబులేషు పచ్చ అని చెబుదామనే వచ్చాడు. చెప్పే ముందు ఒక్కసారి ఆ సిగ్నల్‌ను కళ్ళ ముందుకు తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. ఎర్రదీ రాలేదు, పచ్చదీ రాలేదు. నీళ్ళ ట్యాంకర్ వెనక భాగం మాత్రం వచ్చింది. దాని కుళాయి నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజే కాదు, అంతకు ముందు రోజుదీ, అంతకు ముందు వారందీ తలచుకున్నాడు. ఎన్ని సిగ్నళ్ళు తలచుకున్నా ముందు బండ్ల వీపులే కనబడ్డాయి.

"నాకు తెల్దు సార్" అన్నాడు. "నేను సిగ్నల్ చూడలేదు."

అమరనాథ్ పెన్ను కింద పెట్టాడు. "ఇట్ల రాస్తే కేసు నీ మెడకే పడతాది. డీఎల్ కూడా పోవచ్చు. తెలుస్తా ఉండాదా?"

"రాయండి సార్."

"కోపంతో చెప్తా ఉండావా?"

"లేదు సార్. చూడలేదు, అంతే."

అమరనాథ్ ఇంకోసారి అడగలేదు. రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకున్నాడు. ఓబులేషు అక్కడి నుంచి బస్సెక్కి నేరుగా ఆస్పత్రికి పోయాడు. పిల్లమ్మ మంచం పక్కన బత్తాయి ఒలుస్తోంది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు, నిలబడే చెప్పాడు.

"అన్నా, కెమెరాలో ఏమీ కనబడలేదు. నువ్వు తూగినావో లేదో నాకు తెల్దు. నేను మాత్రం సిగ్నల్ చూడలేదు. అదే రాసిచ్చి వచ్చినా."

సొన్నప్ప అతని మొహం వైపు చూశాడు. చూసి చూసి, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"చూడకుండా ఎట్ల తోలితివప్పా?"

మూడేళ్ళుగా ఎవరు ఏమడిగినా ఓబులేషు దగ్గర ఒక జవాబు ఉండేది. దీనికి ఆ జవాబు కుదరదు. "ముందర ట్యాంకర్ పోయె. నేనూ పోతిని" అన్నాడు. పిల్లమ్మ ఒలవడం ఆపి అతని వైపు చూసింది.

సొన్నప్ప కదలబోయి మూలిగాడు. దుప్పటి జరిగి కాలు బయటపడింది. తొడ దాకా వాచి, నల్లగా కమిలి ఉంది. తొమ్మిది రోజులుగా ఆ మంచం దగ్గరే కూర్చుంటున్నా ఓబులేషు ఆ కాలును చూడనే లేదు. ఇప్పుడు చూశాడు. ఇన్నాళ్ళుగా లేని వణుకు ముందు చేతుల్లోకి, తర్వాత గొంతులోకి వచ్చింది.

"నేనే విరగ్గొడితిని అన్నా" అన్నాడు.