అత్తమ్మ చిలుక, నా పాదం

ఆ రోజుల్లో కొత్త కోడలు ఇంట్లోకి వచ్చిందంటే కొన్నాళ్ల దాకా ఆ ఇంట్లో పాలు విరిగినా, కరెంటు పోయినా, బర్రె తన్నినా అందరి చూపూ ఒకసారి ఆమె కాళ్ల మీదికి పోయి వచ్చేది. ఇప్పటి కోడళ్లు బండి మీద వచ్చి బండి మీదే పోతున్నారు కాబట్టి వాళ్ల కాళ్లు ఎవరికీ అంతగా ఆనడం లేదు, అదృష్టవంతులు. నేను మాత్రం కోనరావుపేట పక్క పల్లె నుంచి కోరుట్లకు కోడలిగా నడిచి వచ్చినదాన్ని. (నడిచి అంటే గల్మ దగ్గర, వీధి గుమ్మం దగ్గర నుంచి. అంతవరకు కారే.) మా వెనకే ట్రాక్టరులో నా పెండ్లి సామాను వచ్చింది. మంచం, కుర్చీలు, నిలువెత్తు అద్దం ఉన్న బీరువా. లోపలి అర్ర తలుపులోంచి బీరువా పట్టలేదు. మా మామ తాటిచెట్లెక్కే మోకుతో ఒకసారి బీరువానూ, ఒకసారి తలుపునూ కొలిచి, తప్పు తలుపుదేనని తేల్చి, దాన్ని ముందర అర్రలోనే గోడకు నిలబెట్టించాడు. దానికి ఎదురుగా, దూలానికి, మా అత్తమ్మ చిలుక పంజరం వేలాడుతుండేది.

ఆ చిలుకను మామే తెచ్చాడట. తల విరిగిన తాటిమాను తొర్రలో ఈకలు కూడా రాని పిల్లగా దొరికితే రుమాలులో చుట్టుకొచ్చాడు. (చిలుకను పంజరంలో పెట్టకూడదన్న సంగతి మా ఇంట్లో అప్పుడెవరికీ తెలియదు.) అత్తమ్మకు ఆడపిల్లలు లేరు. జొన్నగటక వేలితో తినిపించి దాన్ని పెంచింది, “బిడ్డా” అనే పిలిచేది. గడప తొక్కిన ప్రతివాళ్లనూ అది “తిన్నవా?” అని అడిగేది. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతను ఒకసారి, “తిన్ననమ్మా, ఇప్పుడే” అని లోపలికి జవాబు చెప్పి పోయాడు.

నేను కాపురానికి వచ్చి చీర మడతలు ఇంకా నలగకముందే పంజరం కింద పచ్చని ఈకలు కనబడ్డాయి. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ. కొద్దిరోజులకే చిలుక రొమ్ము కూరకు తయారైన కోడిలా గులాబీ రంగుకు వచ్చింది. “తిన్నవా?” అనడం మానేసింది. ఒక మూలకే ఒరిగి కూర్చుని తల ఊపుతుంది, తిన్నది కక్కుతుంది, చెయ్యి పెడితే అత్తమ్మనే కరుస్తుంది. అత్తమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నదంతా చీపురుతోనే అన్నది. “మొన్నటిదాంక మంచిగనే ఉండె. ఎవలు అడుగుపెట్టిన యాళ్లనో ఏమో!” ఆ ఇంట్లో కొత్తగా అడుగుపెట్టింది నేను, బీరువా. బీరువాకు అడుగులు లేవు.

పక్కింటి ఖాలా రైకలు కుట్టేది. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడుకున్నా మాతో మాట్లాడితే మాకంటే చక్కటి కోరుట్ల తెలుగు. “అట్లనకు అక్కా, పిల్ల మంచిది. నీ చిలుకకు దిష్టి తాకింది. ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిల వెయ్” అన్నది. అత్తమ్మ గుప్పెడు మిరపకాయలు పంజరం చుట్టూ తిప్పుతుంటే చిలుక మెడ చాచి ఒకటి లాక్కుని అక్కడికక్కడే తినేసింది. దిష్టి మిరపకాయను దిష్టి తగిలినదే తింటే ఆ దిష్టి ఎవరికి పోయినట్టో ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు కానీ తేలలేదు.

చివరికి నాకే నా కాళ్ల మీద అనుమానం పట్టుకుంది. కడుక్కుని, కుడికాలు పెట్టి లోపలికి వచ్చేదాన్ని. రెండు ఈకలు ఎక్కువ రాలితే, కుడిదే మంచిది కాదేమోనని మరునాడు ఎడమకాలు పెట్టేదాన్ని. మా ఆయన సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి ఆదివారం వచ్చేవాడు. చెబితే, “చిలుకతోటి గూడ పంచాయితేనా?” అని అటు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే అత్తమ్మ అన్నది, “శుక్రవారం నాటికి మంచిగైతే సరే. లేకుంటే కొన్నొద్దులు తల్లిగారింట్ల ఉండి రా పిల్లా. అయ్యగారిని మంచిరోజు అడిగి పిలుస్త.” పండుగా పబ్బమూ లేకుండా కొత్త కోడలు సంచి పట్టుకుని పుట్టింటికి దిగితే ఊరంతా ఏమంటుంది? “ఏమైంది బిడ్డా?” అని అడిగే వాళ్లకు, “చిలుకకు ఈకలు ఊడుతున్నయి” అని చెప్పాలా? అయినా సంచి సర్దిపెట్టుకున్నాను.

సర్దుతూ సర్దుతూ ఆలోచించాను. ఈకలు ఎక్కువగా రాలేది మధ్యాహ్నం, నేను బర్రె దగ్గర ఉన్నప్పుడు. అప్పుడు ముందర అర్రలో ఉండేది ఎవరు? అత్తమ్మ! నన్ను పంపించడానికి తనే పీకుతోందని నాకు గట్టిగా తోచింది. ఆమె లెక్క ఆమెది. “నీ కొంగుకు ఈక ఎట్లంటింది?” అన్నది. “ఊడుస్తుంటే అంటింది అత్తమ్మా.” “ఇన్నేండ్ల సంది ఊడుస్తున్న, నాకెన్నడంటలే” అంటూ ఆ ఈకను తన రొంటిన దోపుకుంది, సాక్ష్యానికి.

గురువారం మధ్యాహ్నం నాకు తలనొప్పి వచ్చింది. (నేనే తెప్పించుకున్నాను.) “పండుకుంట అత్తమ్మా” అన్నాను. “పండుకో. నేను రైక కుట్టనిచ్చొస్త” అని ఆమె బయటికి నడిచింది. నేను పిల్లిలా వచ్చి వడ్ల బస్తాల వెనక కూర్చున్నాను. కాసేపటికి వీధి కిటికీ చువ్వల దగ్గర సగం కుంకుమబొట్టు, ఒక కన్ను తేలాయి. వచ్చిందమ్మా పీకడానికి, అనుకుని ఊపిరి బిగపట్టాను.

చిలుక అటూ ఇటూ చూసుకుంది. మెల్లగా జరిగి పంజరంలో బీరువా వైపు మూలకు చేరింది. అద్దంలోని చిలుకకు వంగి వంగి దండాలు పెట్టింది. అన్నాళ్ల తరువాత గొంతు విప్పి, “తిన్నవా?” అన్నది. జవాబు లేదు. తిన్న జామపండు గొంతులోకి తెచ్చుకుని చువ్వల సందులోంచి అందించింది. అవతలిదీ అందించింది కానీ ఏదీ తీసుకోలేదు. “తిన్నవా? తిన్నవా?” ఇంకెంత బతిమాలుతుంది? కీచుమని అరిచి, చువ్వను కొరికి, ఆ కోపంలో తన రొమ్ము మీది ఈకనే పట్టి పీకి కింద పడేసింది.

“ఓ అవ్వా! గిదా సంగతి!” అని కిటికీ అరిచింది. నేను దాక్కున్న మాట మరిచి లేచి నిలబడ్డాను.

“నువ్వక్కడేం జేస్తున్నవే? తలనొస్తుందంటివి!”

“నువ్వు రైక ఇయ్యవోతివి గదా అత్తమ్మా?”

“ఇచ్చొచ్చిన.”

“చేతిలనే ఉన్నది.”

ఆమె చేతిలోని బట్టను చూసుకుంది. “నువ్వే పీకుతున్నవనుకున్న పిల్లా” అన్నది. “నేను నువ్వనుకున్న” అని నా నోట్లోంచి జారింది. నాలుక కరుచుకున్నాను. అత్తమ్మ లోపలికి వచ్చి, గడప మీద కూలబడి, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

సాయంత్రం మామకు చెబితే, “బీరువ తెచ్చింది పిల్లనే గదా. అంటే పిల్ల పాదమే గదనే?” అని ఎక్కిరించాడు. “నువ్వు సప్పుడు జెయ్యకు. పాదం వేరు, సామాను వేరు” అని తీర్పు చెప్పింది అత్తమ్మ. అద్దానికి దుప్పటి కట్టాం. చిలుకకు మెల్లగా నూగు వచ్చింది, తరువాత ఈకలు వచ్చాయి. వాడలో అడిగినవాళ్లకు అత్తమ్మ చెప్పుకునేది, “మా కోడలు తెచ్చిన అద్దం ఎంత సక్కగుంటదంటే, చిలుక సుత మనసుపడ్డది.”

ఆ శుక్రవారం నేను పోలేదు. నా సంచి అత్తమ్మే విప్పి చీరలు బీరువాలో పెడుతోంది. నేను లోపలి తలుపు చాటున ఉన్నాను, పాత అలవాటు కొద్దీ. చీరలన్నీ అయ్యాక ఆమె ఇటూ అటూ చూసి, దుప్పటి కొసను ఎత్తి పట్టుకుంది. కొంగు సర్దుకుంది. పక్కకు తిరిగి చూసుకుంది, మళ్లీ ఎదురుగా తిరిగింది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఉన్నది అరచేతంత అద్దమే. ఎదిగిన కొడుకున్న ఆ మనిషి తనను నిలువునా చూసుకోవడం అదే మొదలేమో, నాకప్పుడు తట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నాను. ఇప్పుడు నాది ఆమె అప్పటి వయసు. నాలోని ఆ తలుపు చాటు పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. నాకూ నవ్వే వస్తుంది కానీ, ఇప్పుడైతే ఆ దుప్పటి కొస నేను పట్టుకుని, “మంచిగ చూస్కో అత్తమ్మా” అనేదాన్ని.