జోర్డాన్ నాకు స్వాగతం చెప్పిన రోజు

నేను నాయకత్వం వహించింది జీవితంలో ఒక్కసారే. అది కూడా ఎండెక్కేలోపే ముగిసిపోయింది. తిరుగుబాటు జరగలేదు, ఎన్నికలు రాలేదు. నా పదవిని నేనే, రెండు చేతులూ పైకెత్తి మరీ, పక్కవాడికి అప్పగించాను. ఇంత ప్రశాంతంగా కూలిన ప్రభుత్వం ఇంకోటి ఉండదు. చదివాక మీరు నవ్వుతారని తెలుసు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది, మీరు మొహమాటపడనక్కర్లేదు.

సౌదీలోని తబూక్‌లో ఓ పెద్ద వ్యవసాయ కంపెనీ ఆఫీసులో నా ఉద్యోగం. నా పక్క సీటు గౌస్ భాయ్‌ది. కర్నూలు మనిషి. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే హోదా, ఒకే ఏసీ కింద ఒకే జలుబు. తేడా ఒక్కటే: ఆయనంటే అందరికీ ఇష్టం. ఇలాంటివి తొందరగా క్షమించలేం కదా.

చలికాలం మొదలవగానే ఆయనకో ఆలోచన వచ్చింది. సెలవు రోజున తెలుగువాళ్లను పోగుచేసి, జోర్డాన్ సరిహద్దు వైపు తీసుకెళ్లి, పాతకాలపు హజ్ యాత్రికుల కోట దగ్గర్నుంచి ఎన్నడో మూతబడిన రైల్వే స్టేషన్ దాకా నడిపించాడు. కష్టం లేని నడక. పట్టాలు ఎవరో పీకేశారు, కట్ట మిగిలింది. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కూడా చెప్పులతో నడిచేయొచ్చు. కోటకు తాళం, బయటి నుంచే చూడాలి. స్టేషన్ నీడలో కూర్చోగానే గౌస్ ఇంటి నుంచి వచ్చిన ఉగ్గాని, బజ్జీ. చరిత్ర ఇంత రుచిగా ఉంటుందని జనానికి ఆరోజే తెలిసింది.

నేను వెళ్లలేదు. కడుపునొప్పి అన్నాను. అబద్ధమేం కాదు. కడుపులో ఏదో ఉంది, డాక్టరుకు చూపించే రకం కాదంతే. మా ఆవిడ సుజాత తోటి ఆడవాళ్లతో వెళ్లొచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఒకటే మాట.

"గౌస్ అన్న ఎంత మంచిగ చెప్తడో తెల్సా! లోపలి బాయి గురించి చెప్తుంటే ఒంటెలు కండ్ల ముందల నడిచినట్టే అనిపిచ్చింది."

"డిగ్రీలో హిస్టరీ తీసుకున్నది నేను," అన్నాను.

"తీసుకున్నరు. మల్ల ఎవ్వరికీ ఇయ్యలే గదా."

సాయంత్రానికి ఆమె వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పడింది. కోట తలుపు ముందు జనం, మధ్యలో గౌస్, పెళ్లికొడుకులా. ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. ఏ సైజులో చూసినా బాగానే ఉన్నాడు. మర్నాటికి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు పేరు 'గౌస్ భాయ్ నడక' అయింది.

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఈసారి నడక నేను నడిపిస్తానని గ్రూపులో ప్రకటించేశాను. గౌస్ ఏమన్నాడో తెలుసా?

"సూపరన్నా! నువ్వు సదువుకున్నోనివి, ఇంగా బాగా చెప్తావు. ఉగ్గాని నేను తెస్తాలే."

కాస్త అడ్డుపడినా బాగుండేది. తలుపు పగలగొడదామని వెళ్తే ఎదుటివాడు తలుపు తీసి "రా అన్నా, టీ తాగుదువు" అంటే ఏం పోరాడతాం?

నా కోరిక చిన్నదే. నడక ముగించి తిరిగొచ్చాక అదే కోట తలుపు ముందు, అదే జనం మధ్యలో, ఈసారి నేను. ఆ ఫోటో సుజాత స్టేటస్‌లో పడాలి. దానికోసం వారమంతా చరిత్ర చదివాను. టోపీ కొన్నాను. సెలవు రోజు పొద్దున్నే మెడలో ఈల వేసుకుని కోట దగ్గర జనం ముందు నిలబడ్డాను.

"ఏంది సార్, ఆటల పీరియడా?" అన్నాడు లింగన్న. నిజామాబాద్ వాడు, మా కంపెనీ క్వార్టర్లలో ఏసీలు బాగుచేస్తాడు, మనుషుల్ని పాడుచేస్తాడు.

నేను పట్టించుకోకుండా మొదలుపెట్టాను. "ఇది డమాస్కస్ నుంచి మదీనాకు వేసిన లైను. దీని వెనక ఉన్న రాజకీయ నేపథ్యం..."

"సార్, ఉగ్గాని స్టేషన్ ఎప్పుడొస్తది?"

అందరూ నవ్వారు. సుజాత కూడా. స్టేషన్ రానే వచ్చింది. గౌస్ సంచి దించబోయాడు. కానీ గౌస్ ఆగిన చోటే నేనూ ఆగితే ఇక నేనెందుకు? "ఇంకా ముందుకు," అన్నాను, ఈల ఊది.

"ఆడ సూసేదానికి ఏముందన్నా?" అన్నాడు గౌస్, పాపం మామూలుగానే.

"చరిత్ర," అన్నాను. నిజానికి అక్కడ ఉన్నది కూలిన తూము ఒకటి. దాని మీద ఎక్కి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఉత్తరం వైపు చూపిస్తూ నోరు తెరిచాను. జేబులో ఫోను వణికింది. తీసి చూశాను.

'జోర్డాన్‌కు స్వాగతం.'

గల్ఫ్‌లో బతికేవాడికి ఈ మాట ఎంత భయంకరమో చెప్పాలి. సౌదీ గడప దాటాలంటే కంపెనీ చేత ఎగ్జిట్ రీఎంట్రీ అనే అనుమతి తీయించుకోవాలి. అది లేకుండా గీత దాటినవాడి గతి ఏమిటో నాకు తెలియదు. తెలియదు కాబట్టే అన్నీ ఊహించుకున్నాను. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా పోయింది, ఉద్యోగం పోయింది, వరంగల్‌లో మా మామగారు వీధి అరుగు మీద కూర్చుని "మా అల్లుడు నడుచుకుంట వేరే దేశం పోయిండు" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతున్నారు. నేనొక్కణ్నే కాదు, ఊరి జనాన్నంతా వెంటబెట్టుకొచ్చాను, ఈల ఊది మరీ.

నాయకుడు భయాన్ని నలుగురికీ పంచకూడదు. మొత్తం నేనే ఉంచుకున్నాను.

"అందరూ వెనక్కి!"

"ఎందుకు సార్?"

"ఎండ ఎక్కువైంది."

"మొగులు పట్టింది గదా సార్."

"అందుకే! ఇంకో మాట. వచ్చిన అడుగుల్లోనే అడుగు వేసి నడవండి. పక్కన వేయొద్దు."

"గిదేం ఆట?" అంది సుజాత. పరిగెత్తడానికీ నడవడానికీ మధ్యలో ఒక నడక ఉంది, పెళ్లిలో భోజనాల పిలుపు వినిపించినప్పుడు నడుస్తామే, అలా నడిచాను.

స్టేషన్ కనబడుతుండగా దుమ్ము లేపుకుంటూ తెల్ల పికప్ ఒకటి నేరుగా మా మీదికి వచ్చి ఆగింది. దాంట్లోంచి భారీ మనిషి దిగాడు. మోకాళ్ల కిందికి వేలాడే ఉన్ని కోటు, మీసం, చేతిలో తాళాల గుత్తి. ఆ తాళాలు నా కోసమేనని అర్థమైపోయింది.

ఎవరూ అడక్కముందే రెండు చేతులూ ఎత్తాను. "ఇకామా ఉంది! ఎగ్జిట్ రీఎంట్రీ మాఫీ!" అన్నాను. మాఫీ అంటే లేదని. నాకొచ్చిన అరబ్బీలో సగం అదే.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీలో ముదీర్ ఎవరు?" అని అరబ్బీలో అడిగాడు. ముదీర్ అంటే పెద్ద, మేనేజరు, నాయకుడు. వారం నుంచి నేను కలలు కన్న పదం.

నా వేలు దానంతటదే లేచింది. "హాజా! ఈయనే! గౌస్! ముదీర్ గౌస్!" అంతటితో ఆగినా బాగుండేది. ఆయన ఊరు కర్నూలని కూడా చెప్పాను.

ఆ మనిషి రెండు చేతులూ చాపి గౌస్‌ను వాటేసుకున్నాడు. బుగ్గలకు బుగ్గలు ఆనించాడు. పికప్ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కోట వైపు తీసుకుపోయాడు. మేం వెనకాల దుమ్ములో నడిచాం. ఆయన కోట కాపలాదారట. పోయిన సారి మేమంతా బయటి నుంచే చూసి వెళ్లడం దూరం నుంచి గమనించి బాధపడ్డాడట. ఇవాళ తాళం తీసి, పెద్దమనిషికి మర్యాద చేద్దామని వెతుక్కుంటూ వచ్చాడట.

దారిలో సుజాతకు ఫోను చూపించి గుసగుసగా అన్నాను. "మనం జోర్డాన్‌లో అడుగు పెట్టాం. ఎవరికీ చెప్పకు."

ఆమె చూసింది. "గిదా? మొన్న స్టేషన్ కాడనే అందరికీ వచ్చింది. సరిహద్దు దగ్గర గనక అవతలి సిగ్నల్ పట్టుకుంటదని గౌస్ అన్న అప్పుడే చెప్పిండు. లింగన్న అయితే దానికి థాంక్యూ అని జవాబు గూడ పెట్టిండు. మీరు లేరు గదా."

"కడుపునొప్పి."

"ఇప్పుడెట్లుంది?"

"పెరిగింది."

కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తొలి కప్పు గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, గౌస్‌కి, తొలి ఖర్జూరం గౌస్‌కి. ఉన్ని కోటు విప్పి గౌస్ భుజాల మీద కప్పాడు ఆ కాపలాదారు. అందరూ చుట్టూ చేరారు. సుజాత ఫోను నా చేతిలో పెట్టింది. "మీరు తీయుండ్రి. మీకు మంచిగొస్తది."

తీశాను. చాలా బాగొచ్చింది.

తిరిగి వస్తుంటే గౌస్ నా భుజం మీద చెయ్యేశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు. "ఆయప్ప ముదీర్ ఎవరంటానే నన్ను ముందుకు పెట్టి నువ్వు యెనక నిలబడినావే, అది యెంత పెద్దమనసన్నా! వేరే ఎవరైనా అట్ల చేస్తారా?"

"ఎవరూ చేయరు," అన్నాను. ఆరోజు నేను చెప్పిన ఏకైక చారిత్రక సత్యం అదే.

ఆ ఫోటో ఇప్పటికీ గ్రూపు ముఖచిత్రం. అందులో నేనూ ఉన్నాను. ఎడమ మూలన కనబడే బొటనవేలు నాదే.

ఆ వేలు మీదే ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై పదవీత్యాగం చేయను. కనీసం ఎదుటివాడి చేతిలో ఉన్నవి బేడీల తాళాలా, కోట తాళాలా అని తేలేదాకా చేతులు కిందే ఉంచుకుంటాను.