వాల్టర్ కుర్చీలో ఏసుపాదం గారు

ఏసుపాదం గారు మా ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగు నెలలు ఉన్నారు. అన్ని రోజుల్లో ఆయన నన్ను అడిగినవి రెండే: అన్నంలోకి ఒక పచ్చిమిరపకాయ, కప్పుకోవడానికి ఇంకో దుప్పటి. అడగడం చేతకాని మనిషి. అలాంటివాళ్ళతో వేగడం సుళువనుకుంటారు గాని, కాదు. వాళ్ళకి ఏం కావాలో మనమే ఊహించుకుంటూ చావాలి. ఆస్పత్రిలో పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చే నర్సుకి ఊహించే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆయన వచ్చింది 1981 అక్టోబరులో. మావారు దేవకుమార్ డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక డిజైన్ కంపెనీలో ఇంజనీరు. కారు తలుపుల రేకును నొక్కే ఇనప అచ్చులకి అక్కడ డ్రాయింగులు గీసేవారు. మద్రాసులో ఒక కంపెనీతో వాళ్ళకి పొత్తు. ఇక్కణ్ణుంచి ఒక డిజైనర్ ఆరు నెలలు అక్కడికి, అక్కణ్ణుంచి ఒకరు ఇక్కడికి అని ఒప్పందం. ఇక్కణ్ణుంచి వాల్టర్ అనే ఆయన వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఎవరిని రప్పించాలని అడిగితే, మావారు మద్రాసులో పనిచేసిన రోజుల్లో ఎరిగిన ఏసుపాదం గారి పేరు చెప్పారు. వాల్టర్ బల్ల, వాల్టర్ కుర్చీ, వాల్టర్ వదిలి వెళ్ళిన డ్రాయింగులు అన్నీ ఈయన చేతికొచ్చాయి.

అప్పటికి ఆయనకి యాభై ఒకటి. ఇరవై ఆరేళ్ళుగా డ్రాఫ్ట్స్‌మనే, అంటే ఇంకొకరి డిజైన్‌కి గీతలు గీసిపెట్టే మనిషి. తను చేసే పని డిజైనర్ పనే అయినా ఆ పేరు మాత్రం రాలేదు. అమెరికా కంపెనీ మంచి రిపోర్టు ఇచ్చి పంపితే, రాగానే డిజైనర్ని చేస్తామని మద్రాసులో మాటిచ్చారట. ఆ సంగతి కూడా ఆయన చెప్పలేదు, మావారు చెబితే తెలిసింది.

ఆయనది నరసాపురం పక్క ఊరు. వాళ్ళమ్మ లేసు అల్లేది. మిషను దొరసాని ఇచ్చే నమూనాలను గళ్ళ కాగితం మీద దించిపెట్టడంతో ఈయన గీత మొదలైందట. ఒకనాడు మా భోజనాల బల్ల మీది లేసుగుడ్డను కాసేపు అలా చూసి, తనంతట తనే నోరు విప్పారు.

“ఈ పువ్వులో ఒక గడి తప్పిందమ్మా. అల్లినావిడ పక్క వరసలో సర్దేసింది, చూడండి. మా అమ్మావాళ్ళూ అంతేనండి. దొరసానిగారి నమూనాలో తప్పుంటే అల్లికలోనే సర్దేసేవోళ్ళు.”

“ఆవిడతో చెప్పేవాళ్ళు కాదా?”

“ఎలా చెప్తారమ్మా? పెద్దావిడ చిన్నబుచ్చుకోదూ?”

నేను నవ్వి ఊరుకున్నాను. గిన్నెలు తోమాల్సినవి బోలెడున్నాయి.

ఆ గడి సర్దడమే మా పీకల మీదికొచ్చింది. నవంబరులో ఆయన వాల్టర్ డ్రాయింగు ఒకటి చూస్తున్నారు. రెండు రంధ్రాల మధ్య దూరం పావంగుళం తక్కువ వేసి ఉంది. ఆ ఆఫీసులో గీత మార్చినా, అంకె మార్చినా కాగితం మూలనున్న పట్టీలో ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో, ఎవరు మార్చారో రాసి తీరాలి. మొదటిరోజే ఆయనకి చెప్పారు. కానీ పట్టీలో రాస్తే వాల్టర్ తప్పు చేశాడని నలుగురికీ చాటినట్టేగా. అందులోనూ మనిషి ఊళ్ళో లేడు, కూర్చున్నది అతని కుర్చీలో. ఏసుపాదం గారు బ్లేడుతో ఆ అంకె గీకేసి, అచ్చం వాల్టర్ రాతలాగే కొత్త అంకె వేసి ఊరుకున్నారు. మర్యాద చేశాననుకున్నారు.

అచ్చు పై సగం ఒక వర్క్‌షాపు చేసింది, వాల్టర్ వెళ్ళేముందు పంపిన ప్రింటు చూసి. కింది సగం ఇంకో షాపు చేసింది, దిద్దిన తరవాతి ప్రింటు చూసి. జనవరిలో రెండూ తెచ్చి మిషన్‌లో కలిపి నొక్కితే ఒకదానికొకటి కుదరక అచ్చు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతవరకు దేవుడి దయ.

ఆ చలికాలం ఎవర్ని పలకరించినా లేఆఫ్ మాటే. మా వీధిలో మూడిళ్ళ ముందు అమ్మకం బోర్డులు. పొద్దున్నే లేచి మంచు తవ్వుకోవడం, పనికెళ్ళి రావడం, ఇవాళ్టికి ఉద్యోగం ఉందనుకుని పడుకోవడం. నా కాళ్ళ వాపు నాకే చూడబుద్ధయ్యేది కాదు. అలాంటి రోజుల్లో మావారు అన్నం తింటూ అన్నారు.

“వాల్టర్ పేరు లేఆఫ్ లిస్ట్‌లో పెట్టారు. ప్రింట్ పంపించాక నంబర్ చేంజ్ చేసి ఎవరికీ చెప్పలేదని డిసైడ్ చేశారు. పాపం మద్రాస్‌లో ఉన్నాడు, అతనికి తెలీను కూడా తెలీదు.”

ఏసుపాదం గారి చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది.

“అది మార్చింది నేనండి,” అన్నారు.

మావారు పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయారు. ఇలాంటప్పుడు ఆయనకి చేతనైన పని అదొక్కటే. ఏసుపాదం గారు జరిగిందంతా చెప్పాక నేనే మాట్లాడాను.

“అన్నయ్యా, మీరు ఇంకో రెండు నెలల్లో వెళ్ళిపోతారు. ఇక్కడ ఉండాల్సింది మేం. మిమ్మల్ని రికమెండ్ చేసింది ఈయన. మీరెళ్ళి చెప్తే లిస్ట్‌లో నెక్స్ట్ పేరు ఈయనదే అవుద్ది. మీ రిపోర్టూ పోద్ది. దయచేసి నోరు మెదపకండి.”

“వాల్టర్ గారికి ముగ్గురు పిల్లలమ్మా. బల్ల మీద ఫోటో ఉందండి.”

“మాకూ ఒక కూతురుంది,” అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళిపోయారు.

ఆ శనివారం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులం ఏడు కుటుంబాలం, వంతులవారీగా కలుసుకునేవాళ్ళం. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే వేళ రాగానే ఎవరో “బ్రదర్ ఏసుపాదం గారు చెప్తారు” అన్నారు. ఆయన లేచి నిలబడ్డారు. నావైపు చూశారు. సముద్రాలు దాటించి క్షేమంగా చేర్చినందుకు దేవునికి వందనాలని చెప్పి కూర్చున్నారు. అందరికంటే గట్టిగా “స్తోత్రం” అన్నది నేనే. ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం ఆయన మావారికి కూడా చెప్పకుండా బాస్ గదిలోకి వెళ్ళారు. బాస్ డ్రాయింగు తెప్పించి, లెక్క చూసి, “నీ నంబరే కరెక్ట్” అన్నాడట. “మరి నీ పేరు ఎందుకు రాయలేదు?” అని అడిగాడట. ఈయన తల వంచుకుని నిలబడ్డారట. వాల్టర్ పేరు లిస్టులోంచి తీసేశారు. మావారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను అంతగా వణికిపోయింది ఊరికే. ఏసుపాదం గారికి మాత్రం ఆ శుక్రవారానికే టికెట్ ఇచ్చి పంపేశారు. మద్రాసుకి రాసిన ఉత్తరంలో గడువుకంటే ముందే ముగిస్తున్నామని ఉంది, ఎందుకో లేదు. రిపోర్టు లేనే లేదు.

ఎయిర్‌పోర్టులో ఆయన అడిగింది ఒక్కటే. “నావల్ల మీకు ఇబ్బందేం రాలేదు కదమ్మా?”

లేదన్నాను. తల తీసేసినట్టయింది.

ఏప్రిల్లో వాల్టర్ తిరిగొచ్చాడు. మద్రాసు వాళ్ళు మాకోసం ఇచ్చిన కాఫీ పొడి పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మంచి మనిషి. “మీ స్నేహితుడు తిరిగొచ్చాక రెండు నెలలు నా పక్కనే కూర్చున్నాడు. ఇక్కడి పని అందుకోలేక వెనక్కొచ్చాడని అక్కడ అనుకుంటున్నారు. నేనూ అదే అనుకున్నాను, పాపం,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలలు పక్కనే కూర్చుని, వాల్టర్‌తో కూడా చెప్పలేదా! మావారు కళ్ళతో వద్దంటూనే ఉన్నారు. నేను ఆగలేదు. తప్పు అంకె దగ్గర్నుంచి లేఆఫ్ లిస్టు దాకా కోపంతో తడబడే ఇంగ్లీషులో అన్నీ చెప్పేశాను. చెప్పనిదల్లా నేను నోరు మెదపవద్దన్న సంగతి ఒక్కటే.

వాల్టర్ మొహం ఎర్రబడింది. తరవాత కాగితం అడిగి మా బల్ల దగ్గరే కూర్చుని రెండు పేజీలు రాశాడు. అంకె తప్పు వేసింది తనేనని, దాన్ని పట్టుకున్నది ఏసుపాదమేనని, ఆయన నిజం చెప్పకపోతే తన ఉద్యోగం పోయేదని, తను చూసిన డిజైనర్లలో ఇంత నిఖార్సయిన చెయ్యి లేదని. “దీన్ని మద్రాసు మేనేజరుకి పంపిస్తాను,” అన్నాడు.

మేనేజరుకి వెళితే ఆయన ఇక్కడికి రాస్తాడు. ఇక్కడ పాత కాగితాలు మళ్ళీ బయటికొస్తాయి, అందులో మావారి పేరు ఉంటుంది. ఇదంతా నా బుర్రలో ఒక్క క్షణంలో తిరిగింది. “ఏసుపాదం గారికే పంపండి. ఆయనే చూపించుకుంటారు, గౌరవంగా ఉంటుంది,” అన్నాను. వాల్టర్ సరేనన్నాడు. పోస్టు చేసింది నేనే.

జూన్‌లో జవాబొచ్చింది, నా పేరుమీద.

“ప్రియమైన సహోదరి లూసీకి వందనాలు. వాల్టర్ గారి ఉత్తరం అందినది. పెద్ద మనసుతో రాసినారు. పెట్టెలో భద్రము చేసుకున్నాను. ఆఫీసులో ఎవరికీ చూపలేదు. ఇక్కడ వాల్టర్ గారంటే అందరికీ గౌరవము. ఆయన పొరపాటు ఆయన చేతిరాతలోనే ఉన్నది గనుక పదిమంది చేతుల్లో పడితే బాగుండదు. మీరు ఆరోగ్యము చూసుకొనవలెను. కాళ్ళ వాపు తగ్గినదా?”

ఆయన 1988లో డ్రాఫ్ట్స్‌మన్‌గానే రిటైరయ్యారు. ఆ కబురు తెలిసిన రోజు మావారు నిట్టూర్చి, “పోనీలే లూసీ, ఆయన మనస్తత్వమే అంత. మనమేం చేస్తాం?” అన్నారు.

ఆయన మనస్తత్వం అంతేనని నాకు ముందే తెలుసు. తెలిసే ఆ ఉత్తరం ఆయన చేతికి పంపాను.