బొచ్చు మైకూ కౌజు పిట్టా

మా బావ చెవి మిషన్ ఏడాదిగా బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుని ఉంది. బావంటే మా అక్క భర్త. భూపాలపల్లిలో బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. బావిలో మోత వినీ వినీ చెవులు పోయాయి. డాక్టరు మిషన్ రాశాడు, అక్క దగ్గరుండి కొనిపించింది, బావ రెండు రోజులు పెట్టుకుని తీసి పడేశాడు. తర్వాత మెల్లగా మాటలు కూడా మానేశాడు. ఎవరేమన్నా నవ్వుతాడు, తలూపుతాడు, అంతే. అక్క ఫోన్ చేసిందంటే గంటసేపు ఏడుపు. "మనిషి ఇంట్ల ఉన్నడు గానీ లేనట్టే ఉన్నది సరోజా. గోడతోని మాట్లాడినట్టున్నది" అనేది.

చలి మొదలైన కొత్తలో వాళ్లింటికి వెళ్లినప్పుడు బావ ముందు కూర్చుని, వీధంతా వినపడేలా అరిచి అడిగాను, మిషన్ ఎందుకు పెట్టుకోవని. ఈసారి నోరు విప్పాడు.

"పెట్టుకుంటె ఏమినవడుతది? మీ అక్క తిట్లు, టీవీల లొల్లి. కౌజు పిట్ట కూత ఇనిపిస్తనను, ఇప్పుడే పెట్టుకుంట."

బావ పుట్టింది మహబూబాబాద్ పక్క పల్లెలో. చిన్నప్పుడు ఒక కౌజు పిట్టను పెంచాడట, అది కుక్కపిల్లలా వెంట తిరిగేదట. భూపాలపల్లి క్వార్టర్లలో కౌజు పిట్టలు ఎక్కడుంటాయి? నేను తెస్తానన్నాను. పిట్టను కాదు, కూతను. నేనూ మా ఆయనా జనగామలో ఫొటో స్టూడియో నడుపుతాం. ఇన్ని పెళ్లిళ్లు తీసినవాళ్లం, ఒక పిట్ట కూత తీయలేమా అని నా పొగరు.

మొదటి ప్రయాణం దగ్గర్లోనే, బచ్చన్నపేటకు. స్టూడియో అటక మీద పాత క్యామ్‌కార్డర్ ఉంది. ఇప్పుడు పెళ్లిళ్లకు పెద్ద కెమెరాలూ డ్రోన్లూ కావాలి కాబట్టి దానికి పనిలేదు. దాన్ని సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. ఊరు దాటాక దిగి, ఒక పత్తి చేను గట్టు మీద కూర్చుని, కెమెరాను దూరంగా పొద వైపు తిప్పాను. కౌజు పిట్టలు కూశాయి, నా చెవులతో నేను విన్నాను. ఇంటికొచ్చి పెట్టి చూస్తే ఉన్నదంతా గాలి, లారీ గుట్ట ఎక్కుతున్నట్టు. గాలి ఆగినప్పుడు కెమెరా లోపలి మోటారు గుర్రుమంటుంది. అది ఆగితే నా చీర గరగరలు.

మా ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు.

"పిట్ట ఏదే?"

"ఎనుక ఉన్నది. మంచిగ ఇను."

"నాకైతె నీ ముక్కు ఇనవడుతున్నది."

కెమెరాలో పుట్టుకతో వచ్చిన మైకు కెమెరానే ముందు వింటుందని ఆ రోజు తెలిసింది. రెండోసారి అదే చేనుకు కాలర్ మైకు తీసుకెళ్లాను, పెళ్లికొడుకు చొక్కాకు పెట్టేది. పొడుగు వైరు కలిపి జిల్లేడు కొమ్మకు కట్టి దూరంగా కూర్చున్నాను. అరగంటసేపు జిల్లేడు ఆకు మైకుకు రాసుకున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. కాలర్ మైకు తన ముందున్న నోటిని వినడానికి చేసింది. పిట్ట వచ్చి దాని ముందు ప్రసంగం చేస్తుందా?

ఇక మిగిలింది గన్ మైకు. పొడుగ్గా గొట్టంలా ఉండి, ముందు నుంచి వచ్చే చప్పుడును ఎక్కువగా, పక్కల నుంచి వచ్చేదాన్ని తక్కువగా తీసుకునే మైకు. యూట్యూబ్ ఛానెళ్ల ఇంటర్వ్యూల కోసం మా ఆయన కొన్నాడు. పిల్లలనైనా ఇస్తాడు గానీ దాన్ని ఎవరికీ ఇవ్వడు. రెండు రోజులు మాట్లాడటం మానేశాను. హాయిగా ఉందని ఇంకో రెండు రోజులు ఆగి మరీ ఇచ్చాడు. దాని స్పాంజి తొడుగు గదిలో పనికొస్తుంది, చేలగాలికి ఆగదు. గాలి ఆగాలంటే బొచ్చు తొడుగు కావాలి. మా చిన్నదాని ఎలుగుబంటి బొమ్మ పొట్ట కోసి ఒకటి కుట్టాను. చిన్నది ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

ఈసారి బావ పుట్టిన నేలకే పోదామనుకున్నాను. జనగామ స్టేషన్లో పొద్దున ప్యాసింజర్ ఎక్కి, కిటికీ పక్కన సీటు దొరికితే మైకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాజీపేటలో ఇడ్లీ తింటుంటే, ఎదురుగా కూర్చున్న ఒక ముసలమ్మ కాళ్లు సీటు మీదికి లాక్కుంది.

"బిడ్డా, గది కరుస్తదా?"

"కరువదవ్వా. మైకు గది."

"మైకుకు బొచ్చెందుకు? చలి పెడ్తదా?"

"గాలి సప్పుడు రాకుంట."

"మాకు కప్పుకోను దుప్పటి లేదుగానీ మైకుకు బొచ్చుకోటు" అంటూ ఆమె నా ప్లేటులోంచి ఒక ఇడ్లీ చొరవగా తీసుకుంది.

మధ్యాహ్నానికి మానుకోటలో దిగాను. ఇక్కడ మహబూబాబాద్‌ను అందరూ మానుకోటనే అంటారు. స్టేషన్ బయట ఒక మెస్‌లో అన్నం తిని, ఆటోలో కమ్లి అవ్వ తండాకు చేరాను. ఆమె బిడ్డ పెళ్లి వీడియో మేమే తీశాం. నన్ను చూడగానే కోడిని కోయించింది. రాత్రి జొన్నరొట్టె, కోడికూర. తింటూ కమ్లి అవ్వ భర్త రెడ్యా బాపుకు నేను వచ్చిన పని చెప్పాను, తెల్లారి మీ చేను దగ్గర సౌండ్ రికార్డింగ్ చేసుకుంటానని. ఆయన గంభీరంగా తలూపి, "నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాడు.

తెల్లవారుతుండగా చేను గట్టు మీద మైకు పెట్టి, కెమెరాకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏమీ లేదు. కుక్క మొరగదు, కోడి కూయదు, మేక అరవదు, పిచ్చుక కూడా లేదు. హెడ్‌ఫోన్లు పాడయ్యాయేమోనని చిటిక వేసి చూశాను, బాగానే ఉన్నాయి. పొద్దు పొడిచినా అంతే. తండాకు ఏమైందోనని భయపడి లేచి చూస్తే, జొన్న చేను మంచె మీద రెడ్యా బాపు నిలబడి ఉన్నాడు. చేతిలో పిట్టల మీదికి రాళ్లు విసిరే వడిసెల. ముఖమంతా నవ్వు.

"ఇగ చేస్కో బిడ్డా! ఒక్క పిట్ట లేదు. చీకట్లనే లేచి అన్నిట్ని ఎల్లగొట్టిన. కుక్కలను కట్టేపిచ్చిన, కోళ్లను గంపల కింద మూపిచ్చిన, పిండి గిర్ని బంద్ వెట్టిపిచ్చిన."

"అయ్యో బాపూ, ఎందుకే?"

"బిడ్డ పెండ్లిల మీ ఆయన గిదే గద మొత్తుకున్నది? సౌండ్ రికార్డ్ అయితున్నది, ఎవలు సప్పుడు చెయ్యొద్దని. నాకు యాదికున్నది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు కావలసింది పిట్టల కూతేనని చెప్పాను. ఆయన మంచె దిగి వచ్చి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"పుట్టినసంది పిట్టలను ఎల్లగొడుతున్న. గవి గావాలని రైలెక్కి వచ్చినోళ్లను ఇప్పుడే చూస్తున్న."

సాయంత్రం దాకా ఆగాను. గంపలు లేపారు, కుక్కలను విప్పారు, గిర్ని మళ్లీ మొదలైంది. పొద్దు వాలే వేళకు కోత అయిపోయిన చేను చెక్కలో రాలిన గింజల కోసం కౌజులు వచ్చాయి. ఈసారి తెలివి తెచ్చుకుని మైకును గట్టు మీద కాకుండా గట్టు చాటున, నేలకు ఆనించి పెట్టాను, గాలి పైనుంచి పోయేలా. గన్ మైకు దూరపు చప్పుడును లాక్కొస్తుందనుకున్నాను. అది దుర్భిణి కాదు, మనమే పిట్ట దగ్గరికి పోవాలి. అందుకని పొడుగు వైరు వేసి, నేను దూరంగా తుమ్మ చెట్టు వెనక నక్కాను. కెమెరాలో ఆటోమేటిక్‌గా ఉన్న సౌండును చేత్తో సరిచేసుకున్నాను. లేకపోతే నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అదే గొంతు పెంచుకుని సూ అంటుంది.

కూత మొదలైంది. ఒకటి రెండు ముక్కలుగా అందుకుంటే, పొద అవతలి నుంచి ఇంకోటి దాని మీద గొంతు పెంచింది. హెడ్‌ఫోన్లలో అవి నా భుజం మీద కూర్చుని కూస్తున్నట్టే ఉంది. ఊపిరి బిగబట్టాను. సరిగ్గా అప్పుడే తండాలోంచి కమ్లి అవ్వ గొంతు లేచింది. పొద్దటి నిర్వాకానికి రెడ్యా బాపును వాళ్ల లంబాడీ భాషలో ఉతికి ఆరేస్తోంది. ఇంకోసారి తీద్దామంటే చీకటి పడింది, కౌజులు పోయాయి. ఉన్నదే మహాప్రసాదం అనుకుని మైకు సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రైల్లో వరంగల్, అక్కడి నుంచి హనుమకొండ బస్టాండు, భూపాలపల్లి బస్సు. పరకాలలో టీ తాగాను. పక్క సీటులో రేగొండకు పోయే ఒకామె, కూలికి పోయి వస్తున్నట్టుంది, నా హెడ్‌ఫోన్లను చూసి తనకూ వినిపించమంది. విని తిరిగి ఇచ్చేసింది.

"గివి మా చేండ్ల రోజు ఒర్రుతయ్ అక్కా. గింత దానికి గంత దూరం పోయినవా? నాకు ఫోన్ చేస్తె నేనే ఇనిపిస్తుంటి."

రేగొండలో ఆమె దిగిపోయింది. చెల్పూర్ పొగగొట్టాలు దాటి అక్క ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బావ వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, తలూపాడు. సంచి కూడా దించకుండా కెమెరా తీసి, ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, బటన్ నొక్కాను. అక్క తలుపు పట్టుకుని నిలబడింది.

బావ కళ్లు మూసుకున్నాడు. మెల్లగా నవ్వు వచ్చింది. "మస్తున్నది సరోజా. అచ్చం గట్లనే ఒర్రుతున్నది" అన్నాడు.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడు చూశాను, హెడ్‌ఫోన్ల వైరు కొస నా సంచి మీద వేలాడుతోంది. తొందరలో కెమెరాకు తగిలించనే లేదు, స్పీకర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఉండటంతో మాకూ ఏమీ వినపడలేదు.

ఆయన ఏమీ వినడం లేదు. నేను అంత దూరం పోయి వచ్చానని, నా మనసు నొప్పించకూడదని నవ్వుతున్నాడు. ఏడాదిగా మేమందరం అన్న ప్రతి మాటకూ ఇలాగే నవ్వాడు కాబోలు. మేమేమో ఆయన వింటున్నాడని సంతోషపడి ఊరుకున్నాం. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

వైరు తగిలించి, వాల్యూమ్ పూర్తిగా పెంచాను.

బావ నవ్వు ఆగిపోయింది. కళ్లు తెరిచాడు. రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదుముకుని, పెదాలు కదుపుతూ అలాగే ఉండిపోయాడు. కాసేపటికి నా వైపు తిరిగి, ఊరంతా వినపడేలా అరిచాడు.

"ఎవలే గామె? ఎవల్ని తిడుతున్నది?"

ఒక చెవి మీది నుంచి హెడ్‌ఫోన్ లాగి, "మొగన్ని!" అని అరిచాను.

"మీ అక్క లెక్కనే ఉన్నది" అని మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. నాలుగోసారో అయిదోసారో నేను హెడ్‌ఫోన్లు తీసేసి, కెమెరా స్పీకర్లోనే పెట్టాను. కూత వినిపించక బావ ముఖం వెలవెలబోయింది. కెమెరాను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "గా మిషన్ ఏడ వెట్టినవ్? తీస్కరా" అన్నాడు.

మర్నాడు ఉదయం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నాలాగా బయటి చప్పుళ్లు పట్టాలని బయల్దేరేవాళ్లుంటే చెప్పేది ఇంతే. మైకు గన్ మైకే తీసుకోండి, బొచ్చు తొడుగు లేకుండా కదలకండి, పిట్టకు దగ్గరగా నేలను పట్టుకుని ఉండండి. వైరు తగిలించడం మరవకండి. ఊళ్లో వాళ్లకు ఎందుకొచ్చారో ముందే వివరంగా చెప్పండి.

పరకాల దాటుతుండగా అక్క ఫోన్ చేసింది. గంటసేపు ఖాయమనుకుని బ్యాగు సర్దుకుని ఎత్తాను.

"సరూ, మిషన్ తీస్తనే లేడు. పొద్దటిసంది ఒక్కటే లొల్లి. కుక్కర్ సీటీ ఎక్కువున్నదట, ఫ్యాన్ గిర్రుమంటున్నదట, నేను నడిస్తె చెప్పులు సప్పుడైతున్నయట. పరేషాన్ చేస్తున్నడే."

"ఏడుస్తున్నవా అక్కా?"

"ఏడ్సుడెక్కడిది, తీరిక లేదు. ఉండు, మల్ల ఏందో అంటున్నడు, జవాబు చెప్పాలె" అంది, ఫోన్ పెట్టేసింది.