కుర్చీ ఎరగని సెక్రటరీ మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నాకు మంగళవారం పొద్దున ఆరున్నరకు తెలిసింది. వల్లూరు దగ్గర సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగించే పని నాది. ఎండ ఎక్కకముందే వరుసలు అయిపోవాలి కాబట్టి మావాళ్ళు అప్పటికే సగం పని ముగించారు. ఫోన్ చేసింది మేడమ్ చెల్లెలు. "అక్క పోయిందప్పా నాగరాజా. నిద్రలోనే పోయింది," అని చెప్పి, నేనేమైనా అడుగుతానేమోనని కాసేపు ఆగింది. వస్తున్నానన్నాను. కానీ వెంటనే కదల్లేదు. పక్కనున్న మనిషి చేతిలోంచి నీళ్ళ పైపు తీసుకుని ఆ వరుస చివరిదాకా నేనే కడిగాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. బుధవారం చేస్తానని ఆమెకు మాటిచ్చిన పని ఒకటుంది. ఒక్క రోజు తేడా. ఆ ఒక్క రోజే అప్పటినుంచి తలలో తిరుగుతోంది.

పావగడ తాలూకాలో చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఆమె తెలిసే ఉంటారు. హైస్కూల్లో పీటీ మేడమ్. రిటైరైన తర్వాత మా ప్రాంతపు ఈత సంఘానికి సెక్రటరీ. తాగే నీళ్ళకే కటకటలాడే తాలూకాలో ఈత సంఘమేమిటని బయటివాళ్ళు నవ్వుతారు. ఆమెకు అందులో నవ్వొచ్చే విషయమేదీ కనిపించేది కాదు. ఉన్న నాలుగు నీళ్ళలో పిల్లలు మునిగిపోకుండా ఉండాలంటే అందరికన్నా మనకే ఈత ఎక్కువ రావాలనేవారు.

ఆమెను నేను మొదట చూసింది మా బావి గట్టు మీద. అప్పుడు నేను ఏడో తరగతి. మా చెనిక్కాయల పొలంలో రాతికట్టు బావి ఉండేది. యాడయాడ బావులున్నాయి, ఎవరెవరికి ఈత వచ్చు అని అడుగుతూ ఆమె మోపెడ్ మీద ఊరూరూ తిరిగేవారు. నన్ను పోటీలకు తీసుకుపోతానంటే మా నాయన ఒప్పుకోలేదు. ఆడమనిషి ఈత నేర్పించడమేమిటని ఆయన అనుమానం. ఆమె వాదించలేదు. చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించి, వేసుకున్న బట్టలతోనే పైమెట్టు మీదనుంచి దూకారు. ఎంతసేపటికీ పైకి రాలేదు. మా నాయన అదిరిపోయి నన్ను కూడా దూకమన్నాడు. నేను దూకేలోపే ఆమె అటువైపు తేలి, చేతిలో అడుగునుంచి తెచ్చిన బురద చూపించి, "మూడు నిలువుల లోతుండాదన్నా. భయం లేదు, పంపించు," అన్నారు. ఆ బావి ఇప్పుడు లేదు. పొలం సోలార్‌కు ఇచ్చినప్పుడు పూడ్చేశారు. దాని మీది ప్యానెళ్ళను కూడా మావాళ్ళే కడుగుతారు.

మేడమ్ కూర్చోవడం నేను చాలా అరుదుగా చూశాను. సంఘం మీటింగు రెండు గంటలు జరిగితే రెండు గంటలూ నిలబడే ఉండేవారు. టీ కూడా నడుస్తూ తాగేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీ దాకా పోయి తిరిగొచ్చేసరికి ఆమె మాటలో సగం మాకు వినిపించేది కాదు. ఎవరైనా సలహాలు మొదలుపెడితే, "ముందు నీళ్ళలోకి దిగు, తర్వాత మాట్లాడు," అనేవారు. ఈత రాని మా అధ్యక్షుడితో కూడా అదే అన్నారు. ఆయన పాపం రెండు నెలలు మీటింగులకు రాలేదు.

పావగడ పక్కన ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు వాళ్ళ ఈతకొలనును ఆదివారాలు మాకు ఇచ్చేవారు. ఇరవైఐదు మీటర్ల కొలను. ఒక ఆదివారం నాగలమడిక బస్సు దిగి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురి పేరు మారక్క. ఇరవై రెండేళ్ళుంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. వాళ్ళది ఒకప్పుడు గొర్రెలు కాసుకున్న కుటుంబం. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడగడానికి ఏట్లో నీళ్ళున్న మడుగులోకి తోలేవారట. చిన్నప్పుడు ఆ గొర్రెల ఉన్ని పట్టుకుని వాటితోపాటే అవతలి గట్టుకు పోయేదట మారక్క. ఒక రోజు గొర్రె జారిపోయింది, తాను మునిగిపోలేదు. ఈత అట్లా వచ్చింది. ఇదంతా తల్లి చెప్పింది. మారక్క మాత్రం కొలను ఎటువైపుందని ఒక్కమాట అడిగింది.

దిగి నాలుగు బారలు వేయగానే మాకందరికీ తెలిసిపోయింది. కొలను పొడవునా కట్టిన తాడును చేతివేళ్ళతో అప్పుడప్పుడూ తాకుతూ బాణంలా పోతోంది. అదే వేగంతో పోయి తలను గోడకు కొట్టుకుంది. నుదురు చిట్లింది. తల్లి ఏడుపు అందుకుంది. మేడమ్ మాత్రం రుమాలు అదిమిపట్టి, గోడ రాబోతోందని ఈమెకు ఎట్లా చెప్పాలి అని నన్ను అడిగారు. మరుసటి వారం సోలార్ పార్కులో ప్యానెళ్ళు తుడిచే పొడుగు కర్రలు, పాతవి, రెండు అడిగి తెచ్చాను. వాటి చివర మేడమ్ స్పాంజి చుట్టి గుడ్డతో కట్టారు. గోడకు రెండు బారల దూరంలో తల మీద దాంతో తాకితే చాలు, ఈదేవాళ్ళకు గోడ వచ్చిందని తెలుస్తుంది. పెద్ద పోటీల్లో చూపులేనివాళ్ళకు ఇట్లాగే చేస్తారని తర్వాత తెలిసింది. ఆరు నెలలు ఒక చివర ఆమె, ఒక చివర నేను నిలబడ్డాం.

ఏటేటా జరిగే పోటీలు దగ్గరకొచ్చాయి. వైకల్యమున్న ఈతగాళ్ళను అందరితోపాటు అదే రోజు, అదే కొలనులో పోటీకి దించాలని మేడమ్ కమిటీ ముందు పెట్టారు. నేను అప్పటికి జాయింట్ సెక్రటరీని. ముందురోజు ఆమె నాకు ఫోన్ చేసి, "నీ చెయ్యి లేస్తుంది కదప్పా?" అని అడిగితే, అడగాలా మేడమ్ అన్నాను.

మీటింగులో అధ్యక్షుడు చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది, కొలను గట్టున భద్రత చూసేది ఎవరు అని మాత్రం అడిగారు. అందరూ నావైపు చూశారు. చూసేది నేనే. అంతకుముందు ఏడాది ఈత క్యాంపులో ఒకమ్మాయి నా కళ్ళముందే మునిగితే బయటికి లాగి నీళ్ళు కక్కించాను. ఆమె బతికింది. కానీ అప్పటి ఆమె పెదాల రంగు నన్ను వదల్లేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఎత్తాలనే అనుకున్నాను. నా చెయ్యి బల్ల కిందే ఉండిపోయింది. ఒక్క ఓటు తేడాతో ప్రతిపాదన పడిపోయింది.

బయట ఆమె మోపెడ్ దగ్గర నిలబడ్డాను. నన్ను తిట్టలేదు. తాళంచెవి తిప్పుతూ, "నీ చెయ్యి అంత బరువైపోయిందా నాగరాజా?" అని అడిగి వెళ్ళిపోయారు.

తర్వాత ఆమె కూడా ఒక పొరపాటు చేశారు. అది దాచితే ఈ రాతకు అర్థం లేదు. పోటీలన్నీ అయ్యాక చివరలో మారక్కతో ఒక ప్రదర్శన పెట్టిద్దామని అధ్యక్షుడితో రాజీకి వచ్చారు. ఆ సంగతి మారక్కకు సంతోషంగా చెప్పారు. మారక్క తడి జుట్టు పిండుకుంటూ వింది.

"చూపించేదానికి నేను రాలేదు మేడమ్. పోటీకి వచ్చినాను. ఓడిపోతే ఓడిపోయినానని చెప్పండి, చాలు."

మేడమ్ కొలను చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఆ సాయంత్రమే సంఘం నియమాల పుస్తకం తీసి మొదటినుంచీ చదివారట. ఈ ప్రాంతంలో ఉంటూ యాభై మీటర్లు ఆగకుండా ఈదగలిగిన ఎవరైనా సభ్యులు కావచ్చు, సభ్యులెవరైనా పోటీకి దిగవచ్చు అని ఉంది. కళ్ళ గురించి, కాళ్ళ గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు. మరునాడు అధ్యక్షుడి ఇంటికే పోయి ఆ పుట చూపించి ఆమె అన్న మాట నాకు ఆయనే చెప్పారు. "నాదే తప్పు సార్. ఉన్న హక్కును మల్లా చేతులెత్తించి అడుక్కున్నాను." ఆడవాళ్ళ యాభై మీటర్ల పోటీలో మారక్క పేరు అందరి పేర్లలాగే రాశారు. ఏ ఓటూ అక్కర్లేకపోయింది.

పోటీ రోజు కర్ర పట్టడానికి నన్ను పిలవలేదు. మొదలుపెట్టే చివర మేడమ్, మలుపు తిరిగే చివర ఆమె చెల్లెలు. ఆ చెల్లెలికి నీళ్ళంటేనే భయం. రెండు చేతులా కర్ర పట్టుకుని గట్టుకు రెండడుగులు వెనకే నిలబడింది. నేను పోయి చెయ్యి చాపితే ఇచ్చేసింది. అవతలి గట్టునుంచి మేడమ్ చూశారు. విజిల్ వేశారు.

ఆరు నెలలు తప్పకుండా చేసిన పనిని ఆ రోజు తప్పాను. మారక్క వేగం ఎప్పటికన్నా ఎక్కువగా ఉంది. నా చూపేమో నీళ్ళ మీద కాకుండా అధ్యక్షుడి కుర్చీ వైపు పోయింది. నా కర్ర తాకేసరికి ఆమె చెయ్యి గోడకు తగిలిపోయింది. మణికట్టు మెలిపడింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. గోడను తన్ని, ఒక చెయ్యి సరిగా లేవకపోయినా వెనక్కి ఈదింది. ఆరుగురిలో ఐదోదిగా చేరింది.

గట్టున గుసగుసలు మొదలయ్యాయి. ఇందుకే వద్దన్నామన్నారు ఒకరిద్దరు. మేడమ్ ప్రమాదాల పుస్తకం తెప్పించి, నిలబడే, అందరూ వినేలా చదువుతూ రాశారు. గాయం చిన్నది, తప్పు ఈదినామెది కాదు, కర్ర పట్టినవాడిది అని. రాసి పుస్తకం నా ముందుకు జరిపారు. సంతకం చేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కానీ ఆ సంతకం తర్వాత మారక్కను తప్పుపట్టడానికి ఎవరికీ దారి లేకపోయింది. మణికట్టుకు కట్టు కట్టించుకుంటూ మారక్క, "ఐదా? వచ్చేసారి నాలుగు," అంది. ఎవరితో అందో తెలియదు.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో నియమాలకు కొత్తవి చేర్చారు. ప్రతి పోటీకీ కర్ర పట్టడంలో తర్ఫీదు పొందినవాళ్ళు ఉండాలి, కాళ్ళు సరిగా లేనివాళ్ళు దిగేందుకు మెట్లకు కమ్మీ ఉండాలి, కమిటీలో వైకల్యమున్న ఒక ఈతగాడో ఈతగత్తెనో ఉండాలి. నా చెయ్యి అందరికన్నా ముందు లేచింది. మేడమ్ చూడలేదు. ఏదో రాసుకుంటున్నారు. కమిటీలోకి మారక్క వచ్చింది. మొదటి రోజే, కాగితాలు చేతులు మారితే నాకు తెలిసేదెట్లా, ప్రతిదీ పైకి చదవండని అడిగింది. అప్పటినుంచి మా మీటింగులు ఇంకో గంట పొడుగయ్యాయి. సంతకాలకు ముందు ఏముందో మాకందరికీ తెలియడం కూడా అప్పుడే మొదలైంది.

జబ్బు సంగతి మేడమ్ ఆలస్యంగా చెప్పారు. బెంగళూరు ఆసుపత్రికి పోయి వచ్చాక క్యాన్సరని, ముదిరిందని చెల్లెలి ద్వారా తెలిసింది. మూడుసార్లు చూడ్డానికి వెళ్ళాను. మూడుసార్లూ ఒకటే మాట చెప్పాలని పోయాను. ఆ రోజు నా చెయ్యి ఎందుకు లేవలేదో, ఆ మునిగిన అమ్మాయి పెదాలు నన్నెట్లా పట్టుకున్నాయో. మొదటిసారి పక్కన చుట్టాలున్నారు. రెండోసారి నేనే నోరు తెరవలేదు. మూడోసారి ఆమె మంచం మీద ఉన్నారు. దుప్పటి కింద కాళ్ళు కదులుతూనే ఉన్నాయి. మేడమ్, ఆ పొద్దు మీటింగులో, అని మొదలుపెట్టాను.

"కమ్మీ బిగించినారా?" అన్నారు.

వచ్చే వారం బిగిస్తామన్నాను.

"వచ్చే వారమంటే ఏ దినమప్పా?"

బుధవారం అన్నాను. బుధవారం, అని తనలో తాను అనుకుని కళ్ళు మూసుకున్నారు. నేను చెప్పదలుచుకున్నది చెప్పలేదు. ఆమెకు అది ముందే తెలుసేమో. తెలిసినా వినాల్సింది కదా అని ఒకసారి, వినే ఓపిక నేనెందుకు అడగాలి అని ఒకసారి అనిపిస్తుంది. రెండింటి మధ్యా ఇప్పటికీ తిరుగుతున్నాను.

మంగళవారం సాయంత్రం దహనం అయింది. చాలామంది పాత విద్యార్థులు వచ్చారు. దహనానికి ముందు మారక్క, తన తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి, కాళ్ళు ఎటువైపున్నాయో అడిగి, వంగి తాకి, అక్కడినుంచి తలదాకా తడిమి, మేడమ్ ఎత్తు ఇంతేనా అని అడిగింది. గొంతును బట్టి ఇంకా పొడుగనుకున్నానంది. బుధవారం నేను వెల్డింగు మనిషిని తీసుకుని కొలనుకు పోయాను. స్కూలు వాచ్‌మన్, నిన్ననే కదా సార్, రెండు దినాలు ఆగరా అన్నాడు. ఆగలేనన్నాను. మధ్యాహ్నానికి కమ్మీ నిలబడింది. కాస్త వంకరగానే వచ్చింది. మళ్ళీ తీయించి సరిచేయించాను.

సెక్రటరీగా ఉండమని కమిటీ నన్ను అడిగింది. మారక్కను అడగమన్నాను. అది పెద్దమనసేమీ కాదు, బల్ల కింద ఉండిపోయిన చెయ్యి నాది. మారక్క, ఒక ఏడాది తాను జాయింటుగా చూస్తానని, తర్వాత నన్ను దింపేస్తానని చెప్పింది. సరేనన్నాను. ఆమె నవ్వలేదు, నిజంగానే అన్నది.

ఆ ఆదివారం క్యాతగానచెర్లు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటినవాడు. లారీ కింద పడి ఎడమకాలు తొడదాకా పోయిందట. చంకకర్రలు గట్టున పెట్టి, కమ్మీ పట్టుకుని నీళ్ళలోకి జారాడు. చాలాసేపు ఈదలేదు, ఊరికే తేలుతూ ఉన్నాడు. ఎక్కి వచ్చాక ఎండకు కాలిన సిమెంటు మీద నీడ వైపు నడిచాడు. అతని వెనక ఒక పాదం అచ్చు, అటూ ఇటూ రెండు గుండ్రటి తడి చుక్కలు, మళ్ళీ ఒక పాదం, మళ్ళీ రెండు చుక్కలు. అతను నీడకు చేరేలోపే మొదటివి ఆరిపోతున్నాయి. నీడలో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. వెనక్కి తిరిగి, ఆ ఆరుతున్న అచ్చుల మీదుగానే, మళ్ళీ నీళ్ళ వైపు వచ్చాడు.