వల అడుగుకు చేరేదాకా

2022లో, వానలు తగ్గిన రోజులు. అల్వాల్‌లో ఒక మందుల షాపు పైనున్న రెండు గదుల్లో నా స్పీచ్ థెరపీ క్లినిక్. స్పీచ్ థెరపీ అంటే పిల్లల నత్తి మాన్పించడమేనని చాలామంది అనుకుంటారు. పక్షవాతంతో మాట పోయినవాళ్ల చేత మళ్లీ మాట్లాడించడం కూడా మా పనే.

అలా వచ్చినవాడే మల్లేశం. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి బతికిన మనిషి. పక్షవాతం వచ్చి కుడి చేతిలో పట్టు తప్పింది, మాట చెదిరింది. కూతురు తుర్కపల్లిలో ఏదో ల్యాబులో పని చేస్తుంది. పొద్దున్నే కంపెనీ క్యాబ్ ఎక్కాలి. అందుకని భార్య లచ్చమ్మే ఆయన్ను బస్సులో తీసుకొచ్చేది.

ఆయనకు వచ్చినదాన్ని మేము అఫేజియా అంటాం. మెదడులో భాషను చూసుకునే చోట దెబ్బ తగలడం. మల్లేశం విషయంలో మాటలు మిగిలాయి, అల్లిక పోయింది. చేప, గంప, చాయ్, బస్సు, అన్నీ చెప్పేవాడు. కానీ "లచ్చి... చాయ్" అని ఆగిపోయేవాడు. లచ్చికి ఇమ్మనా, లచ్చిని తెమ్మనా, లచ్చితో కలిసి తాగుతాననా? ఆ కి, ని, తో లేకపోతే ఎవరు ఎవరికేం చేస్తున్నారో తెలియదు. చివర రావలసిన క్రియ రాకపోతే అసలు పనేమిటో తెలియదు. దాన్నే వాక్యనిర్మాణం అంటారు. బడిలో మార్కుల కోసం చదివి మరిచిపోయిన పాఠం. అది పోగొట్టుకున్న మనిషి ఎదురుగా కూర్చుంటే దాని విలువ తెలిసొస్తుంది.

నా దగ్గర బొమ్మల కార్డులుండేవి. ఒక కార్డులో పిల్లాడు యాపిల్ తింటుంటాడు. "పిల్లాడు యాపిల్ తింటున్నాడు" అని చెప్పించాలి. మల్లేశం ఆ కార్డును చూసి "పిలగాడు..." అని, తర్వాత నా మొహం చూసేవాడు. ఆ పిల్లాడు యాపిల్ తింటే ఏమిటి, తినకపోతే ఏమిటి అన్నట్టుండేది ఆ చూపు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే ఉండేది.

ఆయనకు చెప్పాలని ఉన్నది వేరే. రోజూ అదే. "వల... లచ్చి... చెరువు..."

అంతవరకు రాగానే లచ్చమ్మ అందుకునేది. "ఆ, ఆ, వల గురించి ఫికర్ జేయకు. ఐతారం నర్సింహ వస్తడు, ఇచ్చేస్త. ఇంట్ల పెడితె ఎలుకలు కొరుకుతయి." నర్సింహ మల్లేశం తమ్ముడు. ఆయనా చెరువు పనే.

మల్లేశం కళ్లు మూసుకుని ఎడమ చేత్తో కుర్చీని కొట్టేవాడు. లచ్చమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. "సూసిన్రా మేడం. వల పోతుందని ఎట్ల బాధపడుతుండో."

"తమ్ముడికి ఇవ్వొద్దంటారా?" అని నేనడిగాను. అవునని తలూపాడు. "ఇంట్లోనే దాచాలా?" కాదన్నాడు. "అమ్మేయాలా?" కాదు. "మీరే మళ్లీ వేస్తారా?" తన కుడి చేతిని చూసుకుని, కాదన్నాడు. ఇంకేం మిగిలింది? మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు. ఆదివారం దగ్గరికొస్తోంది. ఆ లోపు ఆ మాట బయటికి రాకపోతే వల వెళ్లిపోతుంది, మాట ఆయనలోనే ఉండిపోతుంది. నాకు నిద్ర పట్టనివ్వని కేసుల్లో అదొకటి.

ఆ శుక్రవారం యాపిల్ పిల్లాణ్ని పక్కన పెట్టి, అసలు వల ఎలా వేస్తారో చెప్పమన్నాను. మల్లేశం మొహం వెలిగింది. ఎడమ చెయ్యి గాల్లో తిప్పాడు. మాటల పని లచ్చమ్మ తీసుకుంది.

"ఇసురు వల మేడం. అంచుకు సీసం గుండ్లుంటయి. పెండ్లైన కొత్తల నాకు గూడ నేర్పిండు, మా ఒడ్డుకాడ, మోకాలు మంటి నీళ్లల్ల. మస్తు తిట్టిండు."

"ఎందుకు?"

"ఇసిరినంక అది మునగాలె, అడుగుకు జేరాలె, అప్పుడు మెల్లగ గుంజాలె. నాకేమొ తొందర. పడంగనే గుంజుతుంటి. అంచు లేసి చేపలన్నీ కిందికెల్లి జారిపోతుండె. ఇంక నా నోరొకటి. వల నీళ్లల్ల ఉంటె ముచ్చట పెట్టొద్దంటడు, నేను ఊకుందునా?" అని నవ్వింది. మల్లేశం కూడా నవ్వాడు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు అక్కడ దారి దొరికింది. "అమ్మా, ఇప్పుడు కూడా మీరదే చేస్తున్నారు. ఆయన మాట నీళ్లల్లో ఉంది. అడుగుకు చేరకముందే గుంజుతున్నారు" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. నా మాట కఠినంగా పడిందేమోనని భయపడ్డాను. ప్రేమ కొద్దీ చేసేదే కదా. మనిషి మాట కోసం తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం కట్టుకున్నదానికి ఎంత కష్టం! అందులోనూ మన భాషలో పని చెప్పే మాట చివర్న వస్తుంది. ముందే అందుకుంటే పోయేది సరిగ్గా ఆ మాటే.

లచ్చమ్మ కుర్చీ ఆయన ఎదురుగా జరుపుకుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "చెప్పయ్యా. నేను గుంజ" అంది.

"వల..." అన్నాడాయన. "లచ్చి..." ఆమె పెదాలు కదిలాయి. బిగబట్టింది. కింద రోడ్డు మీద ఆటోల మోత. మల్లేశం నుదుటి మీద చెమట పట్టింది. గడ్డం వణికింది. నాకే ఏదో ఒక మాట అందిద్దామనిపించి, నాలుక కొరుక్కున్నాను.

"వల... నువ్వు... ఎయ్యి."

లచ్చమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ ఆమె తుడుచుకోలేదు, కదల్లేదు. కాసేపటికి మెల్లగా అడిగింది, "అయిపోయిందా? ఇంక ఉందా?"

ఉంది. "నేను... ఒడ్డుకు... ఉంట."

అప్పుడు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "ఇన్నేండ్లాయె, నాకొస్తదా?" అంటుంటే ఆయన ఎడమ చేత్తో ఆమె తల నిమిరాడు. ఆదివారం నర్సింహ వచ్చాడట. వదిన వల ఇవ్వనంటే మొదట చిన్నబుచ్చుకున్నా, వలలో తెగిన కళ్లు తనే అల్లి ఇచ్చి వెళ్లాడట.

మల్లేశం మాట పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ చిన్న చిన్న వాక్యాలే, అవీ ఆగి ఆగి. ఆ కేసు తర్వాత నేను ముందు ఇంట్లోవాళ్లకే పాఠం చెబుతున్నాను. వాక్యాన్ని చెప్పేవాడు ఒక్కడే కట్టలేడు, వినేవాళ్లు చివరిదాకా చోటివ్వాలి అని. ఇంట్లోనూ పాటించాను. నేను మాట మధ్యలో అందుకోకపోయేసరికి మా ఆయన కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

మరుసటి ఏడు పని మీద శామీర్‌పేట వెళ్లి, చెరువు దగ్గర ఆగాను. లచ్చమ్మ చీర ఎగదోపి మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో మల్లేశం, పక్కన గంప. ఆనందం పట్టలేక "మల్లేశంగారూ!" అని కేకేశాను.

ఆయన తిరిగి చూసి, నవ్వి, ఎడమ చేతి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. వల నీళ్లలో ఉంది. మాట్లాడించడమే వృత్తిగా బతికేదాన్ని, నోరు మూసుకుని ఆయన పక్కన నిలబడ్డాను.