రెడ్డెప్పన్న నాలుగో రోడ్ టెస్ట్

2019. దోహాలో ఎటు చూసినా తవ్విన రోడ్లే. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం స్టేడియాలు, మెట్రో, ఫ్లైఓవర్లు అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. నిన్న వెళ్ళిన దారి ఇవాళ మూసి ఉండేది. అల్ రయ్యాన్ వైపు ఒక డ్రైవింగ్ స్కూల్లో నేను అప్పుడు రిసెప్షన్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. బస్సు డ్రైవర్లు కావాలని కంపెనీలు మనుషుల్ని గుంపులుగా పంపేవి. దాంతో మామూలు వాళ్ళకి టెస్ట్ డేట్ దొరకడమే గగనమైపోయేది.

అసలు సంగతికి వెళ్ళేముందు ఒక మాట చెప్పాలి, ఆపుకోలేకపోతున్నా. ఈ వారమే నాకు ఇన్‌స్ట్రక్టర్ కార్డు వచ్చింది. ఇక కౌంటర్ కాదు, కారే. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మా ఇంటి నుంచి డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఫోన్ చేసి చెబితే మా అమ్మ వీధి వీధంతా తిరిగి "మా బిడ్డ దుబాయ్‌ల కార్లు నేర్పుతది" అని చెప్పి వచ్చిందట. ఖతర్ అని సరిచేయబుద్ధి కాలేదు. ఆ కార్డు చేతిలో పెట్టుకుని కూర్చుంటే మొదట గుర్తొచ్చింది రెడ్డెప్పన్న.

ఇక్కడ లైసెన్స్ కావాలంటే మూడు పరీక్షలు దాటాలి. సిగ్నల్ టెస్ట్ అంటే రోడ్డు గుర్తుల పరీక్ష. పార్కింగ్ టెస్ట్ యార్డులో, అంటే స్కూల్ ఆవరణలో గీతల మధ్య జరుగుతుంది. చివరిది రోడ్ టెస్ట్. పోలీస్ ఆఫీసర్ ముందు సీట్లో పక్కన కూర్చుంటాడు, వెనక ఇద్దరు ముగ్గురు అభ్యర్థులు ఉంటారు. ఒక్కొక్కరూ కాసేపు నడపాలి. ఆఫీసర్ ఆపమనగానే ఆపి, దిగి, తర్వాతివాళ్ళకి సీటు ఇవ్వాలి. ఫెయిలైతే ఎందుకో ఎవరూ చెప్పరు. మళ్ళీ క్లాసులు, మళ్ళీ డేట్ కోసం పడిగాపులు.

రెడ్డెప్పన్నది రాయచోటి పక్క ఊరు. నలభై దాటిన మనిషి. అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరమ్మ దగ్గర ఏళ్ళ తరబడి కారు నడిపి, హౌస్ డ్రైవర్ వీసా మీద ఇక్కడికొచ్చాడు. మూడోసారి రోడ్ టెస్ట్ పోయిన రోజు నా కౌంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ పాయ మేడమ్."

"గేర్ తప్పిందా అన్నా?"

"ల్యా. నున్నగా తోలినా. ఎనక కూచున్న బంగ్లాదేశాయన గూడా 'భాయ్, నువ్వు పాస్' అన్న్యాడు. ఆయన పాసాయ, నేను పాయ."

ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానిని బాబా అంటారు. ఆ బాబా సంగతి అప్పుడే చెప్పాడు. "మా బాబా తేల్చి చెప్పేసినాడు మేడమ్. ఈ తూరి పోతే ఇంటికి టికెట్టే. డ్రైవర్ అని వచ్చి చెట్లకు నీళ్ళు పోస్తాండా. ఇంటోళ్ళు 'ఏం కారు తోలుతాండావు' అంటే తెల్లకారు అని చెప్పినా. అది నేను కడిగే కారు."

అతనికి నేర్పే నౌషాద్ కేరళ మనిషి. అడిగితే అతనూ తలపట్టుకున్నాడు. "ఈయనకి నేనేం నేర్పను మేడమ్? డ్యాష్‌బోర్డ్ మీద నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదు," అన్నాడు హిందీలో.

మధ్యాహ్నం కౌంటర్ ఖాళీ అయ్యాక వెయిటింగ్ హాల్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేశాను. కుడివైపు దాంట్లో నేను కూర్చున్నాను.

"అన్నా, నేను పోలీసాయన అనుకో. ఎక్కుడు కాడికెళ్ళి దిగుడు దాకా మొత్తం చేసి చూపెట్టు."

మొహమాటపడుతూనే కూర్చున్నాడు. లేని బెల్టు పెట్టుకున్నాడు, లేని అద్దం సరిచేసుకున్నాడు. ఇండికేటర్ వేసి, భుజం మీదుగా చూసి బయలుదేరాడు. రౌండ్‌అబౌట్ దగ్గర ఆగాడు, లేన్ మారాడు. నాకెక్కడా తప్పు కనపడలేదు.

"ఖలాస్, ఆపు," అన్నాను.

నా మాట పూర్తయ్యేలోపే పక్క కుర్చీ ఖాళీ. తిరిగి చూసేసరికి నా కుడిపక్కన కొంచెం వంగి, గాల్లో హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గిదేంది?"

"డోర్ మేడమ్."

"పోలీసాయనకు నువ్వు డోర్ తీసినవా?"

"తియ్యకుంటే ఎట్ల? అంత పెద్దాఫీసరు. టోపీ గూడా పెట్టుకోనుండాడు."

"మూడుసార్లూ?"

"మొదటి తూరి రోంత ఆలీసమాయ. అందుకే ఫెయిల్ చేసినాడేమో అని రెండో తూరి ఇంకా బిరీన దిగినా. మూడో తూరి ఆయన చెయ్యి పెట్టకముందే తీసినా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి హ్యాండ్‌బ్రేక్ ఏసినవా?" అని అడిగాను.

అతను తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"దిగే ముందు అద్దం చూసినవా?"

గాల్లో పట్టుకున్న హ్యాండిల్ వదిలేశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "నేను దిగతానే ఒక బస్సు హారన్ కొట్టింది మేడమ్. ఎవరికో కొడతాండాడు అనుకున్యా."

ఇక్కడ బండ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, కాబట్టి డ్రైవర్ దిగేది బండ్లు వచ్చే పక్కకి. హ్యాండ్‌బ్రేక్ లేకుండా, అద్దం చూడకుండా డోర్ తెరిస్తే ఇంకేం చూడరు, ఫెయిల్. క్లాసుల్లో నౌషాద్‌కి ఇది ఎందుకు కనపడలేదో కూడా రెడ్డెప్పన్ననే అడిగితే తెలిసింది. "ఆయనకెందుకు తీస్తా? ఆయన మన మాదిరి డ్యూటీ చేసే మనిషి గదా."

కారణం దొరికింది కదా, ఇక చెబితే అయిపోతుంది అనుకున్నాను. అవలేదు. చెబుతున్నంతసేపూ బుద్ధిగా తలూపుతాడు. ఆపు అనగానే కుర్చీలోంచి లేచిపోతాడు. నౌషాద్ ఎవరిదో టోపీ పెట్టుకొని నా కుర్చీలో కూర్చుంటే ఇంకా వేగంగా లేచాడు. "కాళ్ళు నా మాట ఇంటల్యా మేడమ్," అని తనే నవ్వాడు. ఆ నవ్వు వెనకే ముఖం వాడిపోయింది. నాకూ భయమేసింది. కొత్త డేట్ దగ్గర్లోనే ఉంది.

అప్పుడు అడిగాను, "ఊళ్ళె డాక్టరమ్మకు గూడ గిట్లనే దుంకెటోనివా?"

"ఆయమ్మకా?" అన్నాడు, అడగరానిది అడిగినట్టు. "ఆయమ్మకు మోకాళ్ళ నొప్పులు. బండి ఇంత కదిలినా పడిపోతాది. గేర్ తీసి, బ్రేకేసి, అద్దంలో చూసి, మెల్లిగా దిగిపోయి తీస్తా."

"మరి ఈ సార్‌కు?"

"ఆయన మోకాళ్ళు బాగుండాయి గదా."

నౌషాద్‌కి తెలుగు రాదు. నేనెందుకు పడీ పడీ నవ్వుతున్నానో అతనికి హిందీలో చెప్పడానికి కాసేపు పట్టింది.

"అన్నా, డోర్ తియ్యొద్దని ఇగ నేను చెప్ప. తియ్యి. కానీ పక్కన కూసున్నది డాక్టరమ్మ అనుకో. ఆమె కిందికి దిగాలె. టోపీ దిక్కు చూడకు."

వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆపమన్నాను. అతని చెయ్యి గేర్ మీదకి, అక్కణ్ణుంచి బ్రేక్ మీదకి వెళ్ళింది. కళ్ళు అద్దం వైపు తిరిగాయి. అప్పుడు లేచాడు. ఆ తర్వాత క్లాసులన్నిటిలో నౌషాద్ అదే ఒక్కటి చేయించాడు, ఆపడం, దిగడం.

నాలుగో టెస్ట్ పొద్దున నాకు పని మీద ధ్యాస లేదు. ఒకాయనకి వేరేవాళ్ళ ఫైల్ ఇచ్చి తిట్లు కూడా తిన్నాను. అభ్యర్థులు ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, ఇతను రాడు. చివరికి వచ్చి, కౌంటర్ పక్కన కూలర్ దగ్గర నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. అప్పుడు కాగితం నా ముందు పెట్టాడు. పాస్.

"డోర్ తీసినవా?" అన్నాను, ఉండబట్టలేక.

"ల్యా మేడమ్. ఆఖర్న తోలింది నేనే. ఆయన ఆపమన్న్యాడు. గేర్ తీసినా, బ్రేకేసినా, అద్దం చూసినా. ఒక లారీ వస్తాంటే అది పోయిందాకా ఉన్న్యా. నేను దిగి పోయేలోపల ఆయనే తీసుకోని దిగినాడు."

"మరి నువ్వేం జేసినవ్?"

"పోయి మూసినా."

రెడ్డెప్పన్న ఇప్పటికీ దోహాలోనే ఉన్నాడు. వాళ్ళ బాబా పిల్లల్ని స్కూలుకి తీసుకెళుతూ రోడ్డు మీద అప్పుడప్పుడు కనిపిస్తాడు. ఆ తర్వాత ఫెయిలై నా దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చేయించి చూశాను. మనిషి తన తప్పుని నోటితో చెప్పలేడు, ఎందుకంటే అతని లెక్కలో అది తప్పు కాదు, మర్యాద. దాన్ని వదిలెయ్యమంటే వదలడు. దాని ముందు ఒక బ్రేక్, ఒక అద్దం చేరిస్తే చాలు. రేపు నా మొదటి స్టూడెంట్ వస్తోంది. మొదటి గంట కారు కదిలించను. ఆపిన కారులోంచి ఎలా దిగాలో నేర్పిస్తాను.